నూతి వంతు

ప్రశ్నకి జవాబు చెప్పడం అప్పలాచార్యులు మాస్టారికి అలవాటు లేదు. అడిగినవాళ్లకి ఏదో ఒక పని పురమాయించి, తాను చుట్ట వెలిగించుకుని కూర్చుంటారు. నాగావళి ఒడ్డున ఆయన నడిపే వైర్‌లెస్ పాఠశాలలో చదువుకున్నవాళ్లు ఆయన్ని తలుచుకుని ఎంత మురిసిపోతారో, ఈ ఒక్క విషయానికీ అంత తిట్టుకుంటారు.

ఆ రోజు అడిగింది ఆయన శిష్యురాలు ఇందీవర. ఊరి చివర ఇనుము కరిగించి పోతపోసే కార్ఖానా ఉంది. అక్కడ యంత్రాలన్నీ తీగల్లేకుండా గాలిలోనే మాట్లాడుకుంటాయి. అన్నీ ఒక్కసారి మాట్లాడితే ఏ మాటా వినపడదు కనుక, ఎవరి వంతు ఎప్పుడో ముందే పంచి పెట్టాలి. ఆ పంపకం ఇందీవర చేతికొచ్చింది. మాస్టారు ఊఁ అంటే మర్నాడే అమల్లో పెడతారు.

"కరిగిన ఇనుము మోసే క్రేన్ మీద ఒక కాపలా యంత్రం ఉంది మాస్టారూ. కింద మనుషులు తిరుగుతుంటారు. దానికి చేతుల్లేవు, కాళ్లు లేవు. గొలుసు జారితే 'ఆపండి' అనడమొక్కటే దాని పని. వంతులు తిరిగే చుట్టు చుట్టుకీ దానికో వంతు. ఏళ్లు గడిచినా నోరు విప్పిన పాపాన పోలేదు. అవతల కెమెరాలు వంతు చాలక అల్లాడుతున్నాయి. దాని వంతు వాటికిచ్చేసి, ఏమైనా చెప్పాలంటే ముందు వంతు అడగమంటే సరిపోదా? మాట్లాడనివాడికి వంతెందుకు?"

మాస్టారు చుట్ట నుసి దులిపారు. "పెరట్లో నూతి పూడిక తీస్తున్నారు. కాసేపు దిగి రా అమ్మా."

గొణుక్కుంటూనే దిగింది. దిగుతున్నకొద్దీ లోకం మెత్తబడింది. ఆకాశం పళ్లెమంత అయింది. ఒరల మీద నాచు తనలో తానే వెలుగుతున్నట్టుంది. ఎక్కడో ఊట, చిన్నగా. అడుగున సింహాద్రి బొక్కెనలోకి బురద ఎత్తుతున్నాడు. "బొక్కెన లేచినప్పుడు ఈ గూట్లోకి వచ్చెయ్యాలమ్మా" అని గోడలో తొలిచిన గూడు చూపించాడు. పైన మేస్త్రీ పైడయ్య మనుషులు పాట పాడుతూ తాడు లాగుతున్నారు. బొక్కెన కొంత లేవగానే పైడయ్య గట్టు మీద అరచేత్తో చరిచేవాడు. పాట ఆగేది, తాడు ఆగేది, అందరూ కిందికి చెవులొగ్గేవారు. దాన్ని వాళ్లు నూతి వంతు అంటారు. కింద నుంచి మాట రాకపోతే మళ్లీ పాట.

ఆ నిశ్శబ్దం చల్లగా దిగి ఇందీవర భుజాల మీద వాలేది. హాయిగానే ఉంది. కానీ తన కోసం అంతమంది ఊరికే నిలబడుతున్నారని మొహమాటమేసింది.

"పైడయ్యగారూ! మా కోసం ఆగకండి. ఏమైనా ఉంటే బొక్కెనకి వేలాడే ఈ కొస తాడు ఊపుతాం, అప్పుడాగండి!"

పైన గుసగుసలు. తర్వాత మాస్టారి గొంతు: "అమ్మాయి చెప్పినట్టే కానీయ్ పైడయ్యా."

ఇంక చూసుకోండి, పని పరుగందుకుంది! తెంపులేని పాట నుయ్యంతా నిండి, రాళ్లలోంచే వస్తున్నట్టుంది. గూట్లో నిలబడ్డ ఇందీవరకి కళ్లు మూతలు పడ్డాయి. ఆగేది లేదు కనుక సింహాద్రికీ తొందరెక్కింది. బొక్కెన ఇంకా దారిలో ఉండగానే గూట్లోంచి బయటికొచ్చి గునపం కోసం వంగాడు.

ఇందీవర ఎందుకో తలెత్తి చూసింది. బొక్కెన పిడి కొక్కెంలోంచి జారుతోంది.

కొస తాడు మీదికి చెయ్యి పోయింది, పోయినట్టే ఆగిపోయింది. ఊపితే ఆ కాస్త పట్టూ ఊడుతుంది! "ఆపండి!" అని అరిచింది. ఆ అరుపు పాటలో కలిసిపోయింది. సింహాద్రికే వినపడలేదు. ఒక్క ఉదుటున ముందుకెళ్లి అతని జబ్బ పట్టి లాగింది. ఇద్దరూ గూట్లో పడ్డారు. అతను వంగిన చోట బొక్కెన దభీమని పడి బురదలో సగానికి దిగిపోయింది.

పాట అప్పుడాగింది.

ఇద్దరినీ పైకి చేదారు. "నీ కడుపు చల్లగుండ, బతికించావమ్మా" అని సింహాద్రి చేతులెత్తి దండం పెట్టాడు. ఆ దండం చూడలేక ఇందీవర వెక్కి వెక్కి ఏడ్చింది. గట్టు మీద మాస్టారి వేళ్ల మధ్య చుట్ట ఎప్పుడు ఆరిపోయిందో. తన కండువాతో సింహాద్రి తల తుడిచి, అతన్ని నీడలో కూర్చోబెట్టి వచ్చారు.

బురద కొట్టుకున్న ఇందీవర చేతిని తన చేతిలోకి తీసుకుని, ఆ క్రేన్ ఉన్న వైపు చూశారు. దూరంగా కార్ఖానా పొగ మెల్లగా లేస్తోంది.

"ఇవాళ నీ చెయ్యి అందింది కదమ్మా" అన్నారు.