కప్పు లేని గుడి

బ్రదర్ బాలశౌరికి దేవుడి మీద ఒళ్లు మండిపోతోంది.

క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల ఆగమన కాలం మొదలైన రోజు నుంచీ అతని ప్రార్థన ఒక్కటే. "ప్రభూ, కాలవ అవతలి పల్లెవాళ్ల మనసు మార్చు. క్రిస్మస్ లోపు వాళ్లను గుడికి రప్పించు."

రెండేళ్ల కిందట ఆ పల్లె మేకలు అతనుండే మఠం తోటలో పడ్డాయి. పూజయ్యాక అందరి ముందూ బాలశౌరి వాళ్లను దొంగలన్నాడు. ఆ తర్వాత ఒక్కరూ కాలవ దాటలేదు. కబురు మీద కబురు పంపాడు. ఉపవాసాలున్నాడు. ఊహూ.

ఆగమన కాలపు మూడో ఆదివారానికి మూడు రోజుల ముందు తుఫాను వచ్చింది. తెల్లారి చూస్తే గుడికి కప్పు లేదు. తాటాకులన్నీ ఎగిరిపోయి వాసాలు మిగిలాయి. పీఠం నిండా బురద.

మఠం పెద్ద ఫాదర్ రాయన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి.

"చూశారా ఫాదర్! మనుషుల్ని పంపవయ్యా అంటే ఉన్న కప్పు పీకేశాడు. అసలు ఈయన వింటున్నాడా?"

ఫాదర్ బురదలోంచి ఒక తాటాకు ఏరుకుని, గోడకు నిచ్చెన ఆనించి ఎక్కసాగాడు. మూడో మెట్టు మీదే కాలు జారబోయింది.

"దిగండి ఫాదర్, పడతారు!"

"ఆదివారం పూజ ఉంది కదా. కప్పాలి."

"మనిద్దరం కప్పేదా ఇది? ఇరవై మంది కావాలి!"

"అలాగా?" ఆయన మెట్టు మీదే ఆగి కాలవ వైపు చూశాడు.

బాలశౌరీ అటు చూశాడు. "వాళ్లనా? నేను అడగను."

"సరే." ఫాదర్ ఇంకో మెట్టు ఎక్కాడు.

"అయ్యో, దిగండి మహాప్రభో! వెళ్తాను. వెళ్తున్నాను!"

పల్లెలో మూడిళ్లకు కప్పు లేచిపోయింది. ఆ సంగతి అతనికి అంతవరకూ తట్టనే లేదు. మేకల సిలువమ్మ తడిసిన గుడ్డలు పిండుతూ తలెత్తింది.

"దొంగలతో ఏం పని పడింది బ్రదరు గారూ?"

"ఆ మాట నేను అనకుండా ఉండాల్సిందమ్మా. తప్పు నాదే." లేచిపోయిన కప్పుల వైపు చూశాడు. "ముందు మీ ఇళ్లు కప్పుదాం. ఆకులు నేను మోస్తాను."

ఆమె ఆకుల మోపు చూపించింది. పొద్దు వాలేదాకా మోశాడు. భుజం తోలు లేచిపోయింది.

మర్నాడు పొద్దున్నే సిలువమ్మ, ఆమె వెనక పాతికమంది, మోపులతో కాలవ దాటి వచ్చారు. మగవాళ్లు వాసాలెక్కారు.

"రెండేళ్లు లోపలికి రమ్మన్నారు, రాలేదు," అంది సిలువమ్మ నవ్వుతూ. "ఇప్పుడు ఏకంగా నెత్తికెక్కాం!"

బాలశౌరి మెల్లిగా ఫాదర్ పక్కకు చేరాడు.

"ఆదివారం పూజకు ఉంటారంటారా? ఒకసారి గట్టిగా ప్రార్థన చేసి రానా?"

ఫాదర్ రాయన్న విసుగ్గా చూశాడు.

"ముందు ఆ ఆకులు అందించవయ్యా."