మౌలాలి తాత బండి

కుళ్లాయప్పకు సంసారం వదిలేయాలనిపించింది.

భార్యతో పోట్లాటేమీ లేదు. ఊళ్లో ఆయిల్ ఇంజన్లు, బోరు మోటార్లు బాగుచేసే మనిషి, చేతినిండా పని. కానీ మౌలాలి తాతకు శిష్యుడైన దగ్గర్నుంచీ అతనికి ఒకటే దిగులు పట్టుకుంది. తాత చెప్పినట్టు పొద్దున్నే కళ్లు మూసుకుని దేవుడి పేరు తలుచుకుందామని కూర్చుంటాడు. పేరు నాలుక మీదికి రాకముందే పెద్దపిల్ల తెగిన చెప్పులు గుర్తొస్తాయి. కారుతున్న ఇంటి కప్పు గుర్తొస్తుంది. రసూలమ్మ నిన్న మూతి ఎందుకు ముడుచుకుందో అని ఆలోచన మొదలవుతుంది. అది తేలేసరికి బారెడు పొద్దెక్కుతుంది. దేవుడు పాపం తన వంతు కోసం కాచుకుని కాచుకుని వెళ్లిపోతాడు.

ఒకనాడు ఇక పట్టలేక తాత దగ్గరికి పోయాడు. కొండ మీద దర్గా ఉంది. కొండ కింద ఫకీర్లు ఉండే తకియా ఉంది. తాత కాపురం అక్కడే. ఆయన వేపచెట్టు కింద కూర్చుని చింతపండుకు గింజలు తీస్తున్నాడు.

"తాతా, నెత్తిన ఇంత బరువు పెట్టుకుని పైకి ఎట్లా ఎక్కేది?" అన్నాడు కుళ్లాయప్ప. "ఇంటిని మా బామ్మర్దులకు అప్పజెప్పి వచ్చేస్తా. ఆ ఫకీరు పచ్చగుడ్డ నా తలకు చుట్టండి. మీ కాళ్ల దగ్గర పడి ఉంటా."

తాత చింతగింజలు పక్కకు నెట్టి తకియా గోడవైపు చూశాడు. అక్కడ ఒక పాత పికప్ బండి పడి ఉంది. టైర్లు నేలలోకి దిగిపోయాయి. ముందు సీట్లో కోడి ఒకటి గుడ్లు పొదుగుతూ దర్జాగా బయటికి చూస్తోంది.

"ఆ బండిని కొండెక్కించు. ఆ పొద్దు పైన అడుగు, చెప్తా," అన్నాడు తాత.

ఒకప్పుడు దర్గాలో ఉరుసు పండగ వచ్చిందంటే గంధం రోజు ఆ బండికి ఊపిరాడేది కాదు. వంట డేగిశాలు, బియ్యం మూటలు, మోకాళ్లు పోయిన ముసలివాళ్లు, అందరినీ అదే పైకి చేర్చేది. ఒక ఏడు సగం దారిలో రాతిమలుపు దగ్గర ఇంజను ఆగిపోయింది. బండి నిండుగా జనంతో వెనక్కి జారి బండరాయికి కొట్టుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, బండి మాత్రం ఆనాటి నుంచి కోళ్లగూడైపోయింది. మోకాళ్లు పోయినవాళ్లు కిందే ఉండిపోయారు.

వాళ్లందరిలోకీ ఎక్కువ ఏడ్చింది తాత అక్క జైనమ్మ అవ్వ. వయసులో ఉన్నప్పటి నుంచీ గంధం రోజు పైన వంట ఆమెదే. ఇప్పుడు కింద కూర్చుని పైన లేచే పొగ చూస్తూ, "కట్టెలు ఎక్కువ పెట్టినారు, అడుగంటుతుంది," అని గొణుక్కునేది.

కుళ్లాయప్ప బండిని ట్రాక్టరుకు కట్టి ఇంటికి లాక్కొచ్చాడు. కోడిని గుడ్లతో సహా గంపలో పెట్టి తకియాలోనే వదిలాడు.

వాకిట్లో సగం ఆక్రమించిన ఆ తుక్కును రసూలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"సవితిని తెచ్చినావా?" అంది.

"తాత బండి."

"తాత బండో, నాకు సవితో, నాలుగు దినాలైతే తెలుస్తుందిలే."

నాలుగు దినాలు కాదు, ఏడాది పట్టింది. రసూలమ్మ మాటే నిజమైంది. ఆ మనిషికి ఇంట్లో ఉన్నంతసేపూ ధ్యాసంతా బండి మీదే. పాత ఇంజను పనికిరాదని తేలింది. పొలాల్లో పడి ఉన్న ఒక జీపు నుంచి మంచి డీజిల్ ఇంజను సంపాదించి, దాన్ని ఏ ముక్కకు ఆ ముక్క విప్పి, కడిగి, అరిగినవన్నీ మార్చి బండిలో కూర్చోబెట్టాడు. తుప్పు తిన్న రేకు కోసేసి కొత్త రేకు అతికించాడు. ముందు చక్రాలకు కొత్తరకం డిస్క్ బ్రేకులు బిగించాడు. వెనక్కి జారిన బండి కదా, బ్రేకుల దగ్గర మాత్రం రాజీపడలేదు. ఒంటిచేత్తో తిప్పగలిగేట్టు పవర్ స్టీరింగు పెట్టాడు. దీపాలు పెట్టాడు. వెనక మందపాటి చెక్కలు పరిచాడు. పిల్లలిద్దరూ ఆకుపచ్చే కావాలని పట్టుబడితే ఆకుపచ్చ రంగే వేశాడు.

సీటు ఒక్కటి మిగిలింది. బజార్లో స్పాంజి సీటు తెస్తానన్నాడు కుళ్లాయప్ప.

"దూదేకులోళ్ల ఇంట్లో పుట్టి స్పాంజి మీద కూర్చుంటావా? నవ్విపోతారు," అంది రసూలమ్మ.

అటకమీది నుంచి మామగారి దూదేకే విల్లు దింపించింది. వాకిట్లో కూర్చుని పత్తి ఏకింది. దూది గాలికి లేచి ఆమె జుట్టంతా తెల్లబడింది. దిట్టమైన గుడ్డలో ఆ దూది కూరి, వేలు లోపలికి దిగనంత గట్టిగా, ముద్దుగా కుట్టింది.

ఎందుకు ఈ బండి పని జరుగుతోందో ఆమెకు తెలుసు. కుళ్లాయప్ప ఆమె దగ్గర దాచలేదు. ఆమె కుడుతుంటే చూడలేక ఒకసారి అడిగాడు.

"రసూలూ, ఇది ఎక్కితే నేను పోతానని తెలుసు కదా. ఎట్ల కుడతాండావు?"

ఆమె సూది ఆపలేదు.

"ఎక్కితే నువ్వు పోతావు. ఎక్కకపోతే అవ్వ పైకి పోలేదు. కుట్టక ఏం చేయల్ల?"

కుళ్లాయప్ప ఇక అక్కడ కూర్చోలేకపోయాడు. లేచి వెళ్లి, బిగించిన నట్టునే మళ్లీ బిగించాడు.

ఇంజను మొదటిసారి పలికిన రోజు వీధంతా వాకిట్లోనే ఉంది. తాళం తిప్పగానే బండి ఒక్క దగ్గు దగ్గి, నల్లటి పొగ వదిలి, గుడగుడమని అందుకుంది. పిల్లలు గంతులేశారు. అవ్వను ఎవరో చేయిపట్టి తీసుకొచ్చారు. ఆమె బానెట్ మీద చెయ్యి ఆనించి, "వెచ్చగా ఉండాది నా తల్లి," అంది. కుళ్లాయప్పకు ఒళ్లంతా పొంగిపోయింది. కొండ ఎక్కేసినట్టే అనుకున్నాడు.

మర్నాడు ఒక్కడే బండి తీసుకుని కొండకు పోయాడు. మనుషుల్ని ఎక్కించుకోవడానికి ధైర్యం చాల్లేదు. వెనక్కి జారిన నాటి కేకలు ఇంకా అతని చెవుల్లో ఉన్నాయి. ముందు ఖాళీగా ఎక్కించి, అది కుదిరాక జనాన్ని ఎక్కించుకోవచ్చనుకున్నాడు. వినడానికి తెలివైన మాటే.

రాతిమలుపు దాకా బండి బాగానే పోయింది. అక్కడ దారి నిట్టనిలువుగా లేచి, గులకరాళ్లతో వదులుగా ఉంటుంది. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. రాళ్లు ఎగిరి లోయలో పడ్డాయి. ఇంజను గగ్గోలు పెట్టింది. బండి మాత్రం జానెడు కదల్లేదు. చెక్కలు దడదడమని కొట్టుకున్నాయి. మెల్లగా వెనక్కి దించుకున్నాడు.

ఇంటికొచ్చి ఆలోచించాడు. నేలకు బిగించిన ఇంజన్లతో పనిచేసినవాడు కదా, అతనికి తోచింది ఒకటే: బరువెక్కువైంది.

స్టెప్నీ టైరు తీసేశాడు. మళ్లీ పోయాడు. అదే మలుపు, అదే తిరుగుడు. సామాన్ల పెట్టె తీసేశాడు. వెనక తలుపు విప్పేశాడు. పక్క చెక్కలు పీకేశాడు. బండి తేలికయ్యేకొద్దీ మలుపు దగ్గర ఇంకా ముందే మొరాయిస్తోంది. ఉరుసు దగ్గరపడింది. చివరికి రసూలమ్మ కుట్టిన సీటు కూడా లాగి వాకిట్లో పడేసి, ముక్కాలిపీట ఒకటి వేసుకుని దాని మీద కూర్చుని నడిపాడు. పవర్ స్టీరింగు ఉన్న బండిలో ముక్కాలిపీట! చూసినవాళ్లు నవ్వారు. రసూలమ్మ నవ్వలేదు. సీటు దులిపి లోపల పెట్టుకుంది.

బండి ఎక్కలేదు.

గంధం రోజు రానే వచ్చింది. మధ్యాహ్నానికే కొండ కింద జనం నిండారు. తాషా డప్పులు మోగుతున్నాయి. అవ్వ కొత్త కోక కట్టుకుని, ఏళ్ల తరబడి దాచిన గరిటె చేతబట్టుకుని రాయి మీద కూర్చుంది. మోకాళ్లు పోయిన ముసలివాళ్లంతా ఆమె చుట్టూ చేరారు. అందరి కళ్లూ బండి మీదే.

కుళ్లాయప్ప అందరినీ పక్కకు జరగమని, ఆఖరుసారి ఒక్కడే పోయాడు. చక్రాలు గిర్రున తిరిగిన చప్పుడు కింద అందరికీ వినిపించింది. తాషాలు ఆగిపోయాయి.

అతను తిరిగొచ్చి బండి దిగాడు. తాత ముందు నిలబడి తలెత్తలేకపోయాడు.

"ఇంకా ఏం తీసేయల్లో తెలీడం లేదు తాతా. తీసేయడానికి ఇంకేమీ మిగల్లేదు."

తాత బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ముక్కాలిపీట చూశాడు. రసూలమ్మవైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వు కుట్టిన సీటు యాడుంది?"

"ఇంట్లో ఉండాది తాతా."

"తెప్పీ. పీకేసినవన్నీ తెప్పీ."

సీటు వచ్చింది. టైరు వచ్చింది. చెక్కలు, తలుపు, పెట్టె అన్నీ వచ్చాయి. చేతులు చాలానే ఉండడంతో చూస్తుండగానే బండి మళ్లీ బండైంది. అప్పుడు తాత పంచె ఎగ్గట్టి, ఇద్దరి భుజాలు పట్టుకుని వెనకకు ఎక్కాడు. సరిగ్గా వెనక చక్రం పైన చతికిలబడి జపమాల తీశాడు.

కుళ్లాయప్ప పరుగున వచ్చాడు. "వద్దు తాతా! ఖాళీ బండే ఎక్కలేదు!"

తాత మాల తిప్పుతూనే అన్నాడు.

"బండి ఎక్కల్లనా, మేము ఎక్కల్లనా?"

ఆ మాట వినిందే తడవు, "నన్నెత్తండ్రా!" అని అవ్వ చేతులు చాపింది. ఆమెను ఎత్తి తమ్ముడి పక్కన కూర్చోబెట్టారు. డేగిశాలు ఎక్కాయి. బియ్యం మూటలు ఎక్కాయి. ముసలివాళ్లు ఒకరినొకరు లాక్కుని ఎక్కారు. కుళ్లాయప్ప పిల్లలిద్దరూ మూటల మధ్య దూరారు. బండి వెనక కమాను స్ప్రింగులు కిర్రుమని, నిదానంగా కిందికి దిగి, కుదురుకున్నాయి.

రసూలమ్మ ఒక్కతే నేల మీద నిలబడింది.

"నువ్వేమిటికి ఆగినావు?" అన్నాడు తాత.

ఆమె భర్త మొహం చూసింది. అతను బండెక్కి కూర్చుని, చేయి చాపి పక్క తలుపు తెరిచాడు. ఆమె తను కుట్టిన సీటు మీద, అతని పక్కన కూర్చుంది.

బండి కదిలింది. కుళ్లాయప్పకు మొదట తెలిసింది ఆ నిశ్శబ్దం. చెక్కలు మోగడం లేదు. ఇన్ని రోజులూ విన్న ఆ దడదడ ఎక్కడికి పోయిందో పోయింది. ఇంజను గొంతు తగ్గించి బుద్ధిగా లాగుతోంది.

రాతిమలుపు వచ్చింది. "బిస్మిల్లా," అంది రసూలమ్మ పక్క నుంచి. అతను తొక్కాడు.

చక్రాలు తిరిగిపోలేదు. వెనక పడ్డ బరువుకు అదుముకుని పట్టుకున్నాయి. గులకరాళ్లను నలగ్గొట్టుకుంటూ, నేలను నమిలి పట్టుకుంటూ, బండి మలుపులోకి ముక్కు దూర్చి, అక్కడ ఆగకుండా, వగర్చకుండా, ఆ నిండు బరువుతో పైకి, ఇంకా పైకి పోయింది. వెనక నుంచి అవ్వ కేక వినబడింది. "వస్తాండా! నేను వస్తాండా!" అని దర్గా వైపు గరిటె ఊపుతూ అరుస్తోంది. కింద తాషాలు ఒక్కసారిగా అందుకున్నాయి. కుర్రవాళ్లు ఈలలు వేస్తూ బండి వెంట పరుగెత్తారు. పిల్లలు నవ్వుతున్నారు. కుళ్లాయప్ప కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. దారి కనబడక రసూలమ్మను, "తుడువు, తుడువు," అన్నాడు. ఆమె కొంగుతో తుడిచింది.

దర్గా ముందు ఆకుపచ్చ బండి ఆగగానే ముసలివాళ్లు పెళ్లివారిలా దిగారు. అవ్వను పొయ్యి దగ్గర దించారు. ఆమె ఎవరికీ సలాము కూడా చెప్పకుండా, అక్కడ ముందే పెట్టిన కూర మూత తీసి, నాలుకకు తగిలించుకుని, "ఎవరిదిరా ఈ ఉప్పు?" అని కేకేసింది. ఆ తిట్టు కోసం ఏళ్లుగా మొహం వాచి ఉన్న వంటవాళ్లు పగలబడి నవ్వారు.

కాస్త సద్దుమణిగాక తాత బండి దగ్గరికి వచ్చాడు. భుజం మీద పచ్చగుడ్డ మడతపెట్టి ఉంది.

"పైకొచ్చినాము కదప్పా. ఏందో అడగల్ల అంటివే, అడుగు."

కుళ్లాయప్ప గుడ్డ వైపు చూశాడు. సీటు మీద దుమ్ము దులుపుతున్న రసూలమ్మను చూశాడు. ఆమె చెయ్యి ఆగింది గానీ తల తిప్పలేదు. పిల్లలు బండి అంచు మీద కాళ్లు ఊపుతూ కూర్చున్నారు. పెద్దదాని కాలికి తెగిన చెప్పే ఉంది, పురికొసతో కట్టుకుంది. అతను ఒంగి ఆ ముడి సరిచేశాడు.

"దిగేటప్పుడు ఎంతమందిని ఎక్కించుకోవల్ల తాతా?" అన్నాడు.

తాత పచ్చగుడ్డను దులిపి తన తలకే చుట్టుకున్నాడు.

"వచ్చినోళ్లనంతా."