చైర్మన్‌గారి అద్దం

బస్టాండు మెట్ల కింద ఫోన్లు బాగుచేసే నూకాలుకి పొద్దుటినుంచీ నడుం పడిపోతోంది. మునిసిపల్ చైర్మన్ చలమాజీరావు మూడోసారి వచ్చాడు. ఆయన ఫోన్ తెర ఎంత నొక్కినా పలకడం లేదు.

"మీద అంటించిన అద్దం మరీ మందమయ్యగారూ, తీసేస్తే సరిపోద్ది," అని నూకాలు మళ్లీ అదే మాట చెప్పింది.

"మా బావమరిది దుబాయి నుంచి తెచ్చిన అద్దానికే వంక పెడతావా? సాయంత్రంలోగా ఫోన్ బాగుచెయ్యకపోతే నీ కొట్టు ఇక్కడుండదు!"

ఇక వాదించే ఓపిక ఆమెకు లేదు.

"అయితే ఫోనే చచ్చిపోయిందండీ. చచ్చిన ఫోన్‌కి అంత మంచి అద్దం దండగ కదా, నాకిప్పించండి."

చైర్మన్ మురిసిపోయాడు. "తీసుకో. దాని గొప్పేంటో నీకే తెలుస్తుంది!"

నూకాలు అద్దాన్ని మెల్లగా ఊడదీసి, తన ఫోన్‌కి అంటించి ఆయన చేతికిచ్చింది. ఎంత నొక్కినా అదీ పలకలేదు. ఇంతలో బల్లమీద ఆయన ఫోన్ మోగింది. అలవాటుగా వేలు పెట్టాడో లేదో, అవతల భార్య గొంతు వినిపించింది.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వు ఆపుకుంటున్నారు. చైర్మన్ గొంతు సవరించుకుని, "చూశావా, నీ ఫోన్ కూడా పాడైపోయింది," అన్నాడు.

"అవునయ్యగారూ," అంది నూకాలు అలసటగా. "నాది నేను చూసుకుంటాను. తమరిది బాగైపోయింది కదా, వెళ్లిరండి."