ఒకడు రాలేదు

అనగనగా అంటే ఎన్నడని అడక్కండి, మా తాతకే తెలీదు. ఊఁ కొట్టండి, చాలు.

సముద్రంలో ఓ చిన్న దీవి. చెట్టు లేదు, చుక్క మంచినీళ్లు లేవు. ఉన్నదల్లా ఓ రాతి దీపస్తంభం, అందులో కొర్లయ్య అనే కుంటివాడు. పొద్దుగూకితే దీపం పెట్టడం వాడి పని. ఎదురొడ్డున ఉన్న మా ఊళ్లో వారానికో ఇంటివాళ్లు వంతులేసుకుని కడవ నీళ్లు, కడవ నూనె పంపేవారు. ఒడ్డుకి రావడానికి వాడికో తెప్ప ఉండేది.

ఓ సాయంత్రం ఊరి నావలు మూడూ వేటలో ఉండగా గాలివాన పట్టుకుంది. అల లోపలికి కొట్టి నూనె కడవ పగిలింది, నీళ్ల కడవా పగిలింది. దీపం లేకపోతే నావలు రాళ్లకి కొట్టుకుని ముక్కలైపోతాయి. కొర్లయ్య మంచం విరిచి తగలబెట్టాడు. చాల్లేదు. తలుపు పీకి తగలబెట్టాడు. చాల్లేదు. ఇక తెప్ప మిగిలింది.

"ఇది కాలితే నేనెలా ఒడ్డుకి పోవాల్రా దేవుడా!" అని ఏడ్చాడు. మళ్లీ తనే, "మూడు నావలొస్తన్నాయి కదా. ఒక్కటైనా నన్నెక్కించుకోదేటి?" అనుకున్నాడు. తెప్ప దుంగలు ఒక్కొక్కటే మెట్లెక్కించి మంటలో వేశాడు.

మొదటి నావ వచ్చింది. కొర్లయ్య చెయ్యూపాడు. "వెనకోళ్లు ఎక్కించుకుంటార్లే" అని పోయింది. రెండో నావ వచ్చింది. "వెనకోళ్లు ఎక్కించుకుంటార్లే" అని పోయింది. మూడో నావ వచ్చేసరికి అరిచి అరిచి వాడి గొంతు పోయింది. "ముందోళ్లు ఎక్కించుకునే ఉంటార్లే" అని అదీ పోయింది.

థూ, ఏం మనుషులమండీ మనం!

ఊళ్లో కోళ్లు కోశారు, అమ్మోరికి మొక్కులు తీర్చారు. ఎనిమిదోనాడు నీళ్ల వంతు పైడమ్మది. కడవెత్తుకుని రేవుకొచ్చి, "కొర్లయ్య మావ ఎవరింట్లో ఉన్నాడు? నీళ్లు ఎక్కడికి తేవాలి?" అంది.

"మీ ఇంట్లో లేడా?" అని రేవులోవాళ్లు ఒకరినొకరు అడిగారు.

"మీ ఇంట్లో ఉన్నాడనుకున్నాం."

"అయ్యో, మీ ఇంట్లోననుకున్నాం!"

పరుగున నావెక్కి దీవికి వెళ్లారు. చుట్టూ అంత సముద్రం, దాహంతో చచ్చిపోయి ఉన్నాడు. పైడమ్మ ఏడుస్తూ వాడి నోట్లో నీళ్లు పోసింది. గొంతు దిగలేదు.

మళ్లీ ఆ దీవిలో ఎవరూ ఉండలేదు. స్తంభం ఉంది, దీపం లేదు.

ఇప్పటికీ మా రేవులో నావ ఒడ్డుకి తగిలితే ఎవరూ దిగరు. నావ నడిపే తండేలు ముందు అడుగుతాడు.

"అందరూ వచ్చారా?"

"ఒకడు రాలేదు."

"ఎవడాడు?"

"కొర్లయ్య."

అప్పుడు దీవి వైపు తిరిగి చెంబెడు మంచినీళ్లు పోస్తారు. అందరూ వచ్చారన్నవాడు మా ఊళ్లో నేటిదాకా ఒక్కడూ లేడు.