మాచయ్య కడిగిన బాతు

కొల్లేటి లంకల్లో నీళ్ళు తగ్గి కిక్కిస గడ్డి పండుబారిందంటే చలికాలపు చుట్టాలు దిగే వేళయినట్టే. మంచుకొండలు దాటి వచ్చే చారల బాతులవి. గుంపులు గుంపులుగా అరుచుకుంటూ వచ్చి సరస్సు నడిమధ్య వాలేవి. ఒడ్డున మాచయ్య అనే నక్క గుటకలు మింగుతూ కూర్చునేది. నీళ్ళలో ఈదే బాతుని పట్టడం నక్కల వల్ల కాదు కదా!

ఒకనాడు పొద్దున్నే దొంగ వేటగాళ్ళు పడవలో ఒక మూటతో లంకకొచ్చారు. ఇంకా మూట విప్పకుండానే అటవీశాఖ వాళ్ళ ఈల వినిపించింది. అంతే, పడవెక్కి పరుగో పరుగు. మూట బురదలోనే ఉండిపోయింది.

మాచయ్య దాన్ని గట్టు మీదికి ఈడ్చి, పళ్ళతో ముడి విప్పి ఎగిరి గంతేసింది.

"అత్తా! నల్లమ్మత్తా! నా పంట పండింది, చూడు!"

నల్లమ్మ ఒక ముసలి గేదె. ఒడ్డు పక్క మడుగులో పడుకుని నెమరేస్తోంది. మెల్లగా తలెత్తి చూసింది.

"ఇవేంటల్లుడూ? తలకాయలు వేరు, మొండేలు వేరు?"

"దీమం బాతులత్తా! ప్లాస్టిక్‌వి. వీటిని నిలబెడితే, పైనెగిరే బాతులు మనవాళ్ళే కదా అనుకుని పక్కన వాలతాయి. ఆ పైన నా పళ్ళెం నిండినట్టే!"

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ముందు తలలు తగిలించు."

మాచయ్య ఆత్రంగా ఒక మెడ తీసి బొక్కలో దూర్చింది. తీరా చూస్తే అది తోక వైపు. రెండు తోకల బాతును చూసి నల్లమ్మకి పొలమారింది.

"నవ్వు అత్తా, నవ్వు! నవ్విన నాపచేనే పండుతుంది" అంటూ మాచయ్య మళ్ళీ మొదలెట్టింది. మెడని మొండెంలో పెట్టి తిప్పితే 'టక్' మని కూర్చుంది. ఆ చప్పుడు విని అది చిన్నపిల్లలా గంతులేసింది. ఒక్కో బాతు పొట్ట కింద మూటలోని ఇనుపఊచ గుచ్చి, బురదలో పాతి, దూరం నుంచి చూసుకుంది. అన్నీ మెడలు నిక్కించి దర్జాగా నిలబడ్డాయి.

"బాగులేదు" అంది నల్లమ్మ. "మా మందలో అందరూ ఒక్కసారి తలెత్తారంటే పులొచ్చిందనే అర్థం. మేస్తున్నట్టు మెడలు వంచు. ఒకటో రెండో తలెత్తి ఉంటే చాలు. ముఖాలు గాలికి ఎదురుగా తిప్పు."

మాచయ్య అలాగే చేసింది. కొత్త రంగు ఎండకి తళతళలాడుతుంటే పల్చగా బురద పూసింది. బురద ఎండి పెచ్చులూడితే మళ్ళీ నీటి దాకా మోసుకెళ్ళి కడిగింది. మోసేటప్పుడు పంటిగాటు పడితే రంగు లేచిపోతుందని పెదాలతోనే పట్టుకునేది. ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యలో గడ్డి పెట్టేది. అసలైన వాసన రావాలని, సరస్సు ఒడ్డున రాలిన ఈకలూ రెట్టలూ తెచ్చి వాటికి పులిమింది. లంకంతా బాతు కంపు. ఇంక దేని వాసనేదో దాని ముక్కుకే తెలియకుండా పోయింది.

"పెళ్ళికూతుళ్ళకి కూడా ఇంత ముస్తాబు ఉండదల్లుడూ" అంది నల్లమ్మ.

"ఇంక విందు చూడు! మా బామ్మర్దిని పిలుచుకొస్తా" అని మాచయ్య తోకెగరేసుకుంటూ వెళ్ళింది.

అది అలా వెళ్ళిందో లేదో, ఆకాశంలో చారల బాతుల గుంపు కనిపించింది. ముందు ఎగురుతున్న ముసలి బాతు చారలవ్వ కిందికి చూసి, "ఎవరూ వాలకండి! ఒక్కటీ తోకాడించడం లేదు" అని కేకేసింది. కానీ గుంపు చివర రెల్లి అనే పడుచు బాతుకి దారిలో రెక్క బెణికింది. ఇంకో బారెడు దూరం కూడా ఎగరలేక దీమం బాతుల మధ్య బురదలో దబ్బున పడింది.

"అక్కా, కాస్త ఆసరా ఇవ్వవూ?" అని పక్కదాన్ని అడిగింది. పలకలేదు. ముక్కుతో పొడిస్తే డొల్ల చప్పుడొచ్చింది.

"పిల్లా, ఇది నక్క పన్నిన వల" అంది నల్లమ్మ. "అదిగో, గట్టు మీద వస్తోంది కూడా."

నీళ్ళ దాకా బట్టబయలు బురద. రెక్క ఈడ్చుకుంటూ పరిగెడితే సగం దారిలోనే నక్క నోట్లో పడుతుంది. రెల్లికి ఏడుపొచ్చింది. అంతలోనే పక్కనున్న బొమ్మల్ని చూసింది. మెడ వంచి, ముక్కు బురదకి ఆనించి, కళ్ళార్పకుండా కొయ్యలా నిలబడిపోయింది.

పైన చారలవ్వ గుంపు భయంతో కేకలేస్తూ తిరుగుతోంది. ఆ కేకలు వినేసరికి మాచయ్యకి ఏనుగెక్కినంత సంబరమయ్యింది.

"వస్తున్నాయత్తా! వచ్చేస్తున్నాయి! బామ్మర్ది వెనకాలే వస్తున్నాడు. అయ్యో, ఇదేంటి, దీనికి ఇంత బురద అంటుకుంది? చుట్టాలొచ్చే వేళకి ఈ అవతారమా?"

రెల్లిని మెత్తగా నోటితో పట్టి ఎత్తింది. ఎత్తి, మళ్ళీ కింద పెట్టింది.

"అత్తా, దీని ఊచ ఇంత తేలిగ్గా ఊడొచ్చిందేంటి?"

"బురద మెత్తబడింది కదా అల్లుడూ."

"ఒళ్ళు వెచ్చగా ఉంది."

"ఎండకి కాగింది."

"లోపల ఏదో టకటకలాడుతోందే!"

నల్లమ్మ నెమరు ఆపింది.

"మెడ సరిగా బిగించలేదేమో. ముందు కడిగి తీసుకురా, తర్వాత బిగిద్దువు గానీ" అంది నల్లమ్మ.

"అవునవును" అని మాచయ్య దాన్ని జాగ్రత్తగా, పన్ను తగలకుండా, నీళ్ళ దాకా మోసుకెళ్ళింది. మోకాలి లోతులో నిలబడి ముంచి లేపింది. తోకతో వీపు రుద్దింది. రెక్కల సందుల్లో మట్టి తీసింది. "ఏమి పనితనం! ఏమి రంగు! ఈక ఈకా అచ్చం నిజందిలాగే ఉంది" అని మురిసిపోయింది. తోక మళ్ళీ తడుపుకుందామని ఒక్క క్షణం వదిలింది.

బాతు కదిలింది. నీటి మీద తేలుతూ లోతుకి జారింది.

"అత్తా, కొట్టుకుపోతోంది! పట్టుకో!" అని మాచయ్య మెడలోతు దాకా దూకి, నీళ్ళు తాగి, దగ్గుతూ ఒడ్డుకి పడింది.

నడి సరస్సులో ఆ బొమ్మ మెడ తిప్పి చూసింది.

"మాచయ్య మామా! చల్లగా ఉండు. ఇంత శుభ్రంగా నన్ను మా అమ్మైనా కడగలేదు!"

పైనున్న గుంపంతా కేరింతలు కొడుతూ రెల్లి చుట్టూ వాలింది. చారలవ్వ దాన్ని రెక్క కిందకి లాక్కుంది. సరస్సంతా నవ్వులే.

అప్పుడే బామ్మర్ది నక్క వగరుస్తూ వచ్చింది.

"బావా, విందేదీ?"

"నోటిదాకా వచ్చిన కూడుని మీ బావ స్నానం చేయించి సాగనంపాడు నాయనా" అంది నల్లమ్మ.

మాచయ్యకి తిక్కరేగింది. "వీటిలో ఇంకా ఎన్ని ప్రాణమున్నవి దాక్కున్నాయో!" అని అరిచి, దగ్గరున్న దాని మెడ పట్టి బలంకొద్దీ కొరికింది. ఫట్‌మని చప్పుడయ్యింది. బాతు మెడ చెక్కుచెదరలేదు. మాచయ్య కోరపన్ను విరిగి బురదలో పడింది.

నకిలీకి మెరుగులు దిద్దడంలో మునిగినవాడికి, అసలుది ఒళ్ళో వాలినా ఆనవాలు తెలియదు.