వెచ్చనీళ్లమ్మ బండ

నల్లగుండ్లపల్లె నుంచి తూర్పుగా మైలు దూరం నడిస్తే గొడ్డుగుట్ట అడుగున ఏనుగు వీపులాంటి నల్లబండ ఒకటి కనబడుతుంది. ఆ బండలో మనిషి నడుమెత్తున ఒక ఉక్కు కడ్డీ బయటికి పొడుచుకొని ఉంటుంది. అదే వెచ్చనీళ్లమ్మ. అమ్మకు ముఖం లేదు, చేతులు లేవు. కళ్లు కూడా ఈ మధ్యనే ఎవరో భక్తులు వెండివి చేయించి అతికించారు. కడ్డీ చుట్టూ నాలుగు పాయలుగా నీళ్లు కారి కింద రాతితొట్టిలో పడుతుంటాయి. ఎంతటి ఎండాకాలంలోనైనా ఆ నీళ్లు ఆగిపోగా చూసినవాళ్లు లేరు.

ఈ గుడిలో చన్నీళ్లతో అభిషేకం చేయరు. కొత్తగా వచ్చినవాళ్లు తెలియక తొట్టిలో చెంబు ముంచి అమ్మ మీద పోయబోతే పూజారి చెయ్యి అడ్డం పెడతాడు. పక్కనే పొయ్యి ఉంది, కట్టెలున్నాయి. నీళ్లు కాచుకొని, మోచెయ్యి ముంచి చూసుకొని, అప్పుడు పొయ్యాలి. ఎందుకు పోస్తున్నామో తెలుసుకొని పోస్తే మంచిదని పెద్దలు చెబుతారు.

పూర్వం ఇక్కడ గుడి లేదు, దారి లేదు. వరసగా మూడేళ్లు వానలు లేక నల్లగుండ్లపల్లెలో బావులన్నీ ఎండిపోయాయి. ఆడవాళ్లు రెండు కోసుల దూరం పోయి వంకలో చెలమ తవ్వి, కొబ్బరి చిప్పతో తోడుకొని కడవ నింపుకొనేవాళ్లు. ఒకనాడు మేకల కాపరి ఒకడు తన మేకలు ఈ నల్లబండను నాకుతుంటే చూశాడు. దగ్గరికి పోయి చెవి ఆనించి వింటే, లోపల ఎక్కడో కుండ వంచినట్టు గుడగుడమని చప్పుడైంది. వాడు ఊరిలోకి పరుగెత్తి పెద్దకాపు బయపరెడ్డికి చెప్పాడు. బయపరెడ్డి వచ్చి తానూ చెవి ఆనించి విన్నాడు. బండ పగలగొట్టడం ఎవరివల్లా కాదు. బెజ్జం వెయ్యాలి. మూడు మూరల లోతున బెజ్జం వేస్తే నీళ్లు అవే వస్తాయని వడ్డె గంగులప్ప చెప్పాడు. రాతిపని చేసే వడ్డెవాళ్లలో అతనికి మించిన చెయ్యి ఆ చుట్టుపక్కల లేదు.

బెజ్జం వెయ్యాలంటే ఉలి కావాలి. ఉలి కావాలంటే కమ్మరి కావాలి. ఊరి కమ్మరి కొండోజి. అతని భార్య గురవమ్మ.

గురవమ్మ కొలిమి ఇంటిలోనే పుట్టి కొలిమి ఇంటికే కోడలుగా వచ్చింది. తిత్తి ఊదడం ఆమె పని. తిత్తి ఊదే మనిషికి నిప్పు వైపు చూడడం తప్ప వేరే పని ఉండదు కదా, అందుకని ఉక్కు రంగులు ఆమెకు తెలిసినట్టు కొండోజికి కూడా తెలియవు. ఎర్రగా కాలిన ఉలి మొనను నీళ్లలో ముంచి తీస్తే, వెనక ఉన్న వేడి మెల్లగా మొన మీదికి పాకుతుంది. పాకేటప్పుడు ముందు ఎండుగడ్డి రంగు వస్తుంది, తర్వాత ఇప్పపువ్వు రంగు, ఆ తర్వాత నెమలికంఠం రంగు. రాతికైతే ఎండుగడ్డి రంగు దగ్గరే ఆపి మళ్లీ ముంచాలి. ఆమె తిత్తి దగ్గర కూర్చొని "ఊ" అంటే కొండోజి ముంచేవాడు. ఇరవై ఏళ్లు అలాగే జరిగింది. ఆ ఊరి నాగళ్లకు, గొడ్డళ్లకు పదును నిలిచింది ఆ "ఊ" వల్లనే అని ఎవరికీ తెలియదు. ఆమె ఎవరికీ చెప్పలేదు.

మొదట కొండోజి గొడ్డలి అంచులాగా బల్లపరుపు మొన ఉన్న ఉలులు చేసి ఇచ్చాడు. గంగులప్ప మనుషులు ఒకరు పట్టుకొని ఒకరు సమ్మెటతో కొట్టారు. జానెడు లోతు పోయేసరికి ఉలి ఇరుక్కుపోయేది. పదకొండు ఉలులు మొద్దుబారి కొలిమికి తిరిగి వచ్చాయి. పన్నెండోది తెచ్చిన రోజు గురవమ్మ తానే బండ దగ్గరికి పోయి, ఎవరూ లేని సమయం చూసి, బెజ్జంలో వేలు పెట్టి తడిమింది. బెజ్జం గుండ్రంగా లేదు. మూడు మూలలుగా ఉంది. ఉలి తిప్పి తిప్పి కొడుతున్నా ఒకటే అంచు కావడంవల్ల దెబ్బ పడినచోటే పడి మూలలు కడుతున్నది.

ఇంటికి వచ్చి తడిమట్టి పిసికి ఒక మొన చేసింది. అడ్డంగా ఒక అంచు, నిలువుగా ఒక అంచు, ఆవపువ్వుకు ఉన్నట్టు నాలుగు రేకులు. వెనక కాడ మాత్రం సన్నగా ఉంచింది. మెత్తని మట్టిముద్దలో దాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ పొడిచి చూపించింది.

"ఇదో, చూడు. గుండ్రంగా పడతాండాది. రేకుల సందులో నుంచి పిండి బయటికి రాలిపోతాది, ఇరుక్కోదు."

కొండోజి ఆ మట్టిమొన తీసుకొని తానూ తిప్పి చూశాడు. "నీ బుర్ర కొలిమిలో కాలిందే!" అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు చాలు.

మనిషిని మించిన పొడుగు కాడతో ఆ నాలుగు రేకుల ఉలి చేయడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఊరివాళ్లు వచ్చి చూసి కొండోజిని పొగిడారు. ఆలోచన ఎవరిదని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

పదును పెట్టే రోజు బయపరెడ్డి మేళంతో వచ్చాడు. ఏడు కోసుల అవతల ఏటి మడుగు నుంచి రాగి బిందెతో తీర్థం తెప్పించి, తడి ఇసుకలో పూడ్చి ఉంచాడు. బిందె ముట్టుకుంటే వేలు జివ్వుమంటుంది. కొలిమి పక్కన ఉన్న తొట్టి నీళ్లేమో నల్లగా ఉన్నాయి. ఏళ్ల తరబడి ఉక్కు మునిగి మునిగి ఆ నీళ్లు ఎప్పుడూ గోరువెచ్చగానే ఉంటాయి.

"గంగమ్మ పనికి ఈ ఎంగిలి నీళ్లా? తీర్థంలో ముంచరా కొండోజీ" అన్నాడు బయపరెడ్డి.

గురవమ్మ తిత్తి ఆపింది. మగవాళ్ల ముందు ఆమె గొంతు ఎప్పుడూ వినబడింది లేదు. ఆ రోజు వినబడింది.

"వద్దు సామీ. ఇంత లావు మొన, చన్నీళ్లు తగిలితే పగుల్తాది. తొట్టి నీళ్లే మేలు."

"దేవుని నీళ్లకు ఉక్కు పగుల్తాదా మే?"

"ఎవురి నీళ్లయినా చన్నీళ్లు చన్నీళ్లే కదా సామీ."

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. "ఏం ఆచారీ, మీ ఇంట్లో సుత్తి ఎవురిది, తిత్తి ఎవురిది?" అని ఇంకెవరో అన్నారు. అందరూ పకపకా నవ్వారు. కొండోజి తల వంచుకొని భార్య వైపు ఒకసారి చూశాడు. ఆమె మాట నిజమని అతనికి తెలుసు. తెలిసి కూడా ఉలిని తీర్థంలో ముంచాడు.

టింగుమని చిన్న చప్పుడైంది. మేళంలో అది గుంపుకు వినబడలేదు.

"పగిలింది" అంది గురవమ్మ.

"యాడ? చూపియ్యి" అన్నాడు బయపరెడ్డి. వెంట్రుక వాసి పగులు కంటికి ఎక్కడ కనబడుతుంది? ఆమె చూపించలేకపోయింది. "మంచి పనికి పోయేటప్పుడు నోట అపశకునం పలికింది. కొండోజీ, నీ ఉలి మీద నీకు నమ్మకముంటే నువ్వే పట్టుకో" అన్నాడు.

కమ్మరి ఉలి చేసి ఇస్తాడే గాని బండ దగ్గర పట్టుకోడు. కాని అంతమందిలో ఆ మాట పడ్డాక కొండోజి కాదనలేకపోయాడు. పోబోతుంటే ఆమె కొలిమి గుంజ పట్టుకొని, "నీకు వినబడిందా లేదా? నీకన్నా వినబడిందని చెప్పు" అంది. అతడు ఉలిని భుజాన వేసుకొని మేళం వెంట నడిచాడు.

కొత్తచోట మొదలుపెట్టిన బెజ్జం వేలెడైనా దిగకముందే, సమ్మెట ఏడో దెబ్బకు ఉలి మొన పగిలింది. ఒక రేకు ఎగిరి వచ్చి కొండోజి గొంతులో దిగింది. ఇంటికి మోసుకొచ్చేలోపలే ప్రాణం పోయింది.

ఊరు ఒకటే మాట అంది. ఆమె నోరే మొగుణ్ణి మింగింది అన్నారు. పగులుతుందని ఎవరైనా ముందుగా అంటారా? అంది కాబట్టే పగిలింది. చెలమ దగ్గర ఆడవాళ్లు ఆమె కడవకు పక్కన కడవ పెట్టడం మానేశారు. ఆమె కూతుళ్లిద్దరూ అందరూ తోడుకున్నాక అడుగున మిగిలిన బురద తెచ్చుకొని, గుడ్డలో వడగట్టుకొని తాగారు.

పదకొండో నాడు తెల్లవారుజామున బయపరెడ్డికి కల వచ్చింది. ఎర్రచీర కట్టిన తల్లి ఒకామె బండ మీద కూర్చొని, "నాకు చన్నీళ్లు పనికిరావురా. గోరువెచ్చనివి పెట్టు. అప్పుడే దారి ఇస్తా" అని చెప్పిందట. మెలకువలో మనిషి చెబితే వినని మాట, కలలో దేవత చెబితే ఊరంతా విన్నది.

అదే పూట బయపరెడ్డి, గంగులప్ప, ఊరి పెద్దలు గురవమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. "అమ్మ ఆజ్ఞ అయింది, ఉలి చేసియ్యాల" అన్నారు. గురవమ్మ గడప లోపలి నుంచే మాట్లాడింది.

"చేస్తా. నాకు ఇంకేం వద్దు. బండ కాడ అందరూ వినేటట్టు, 'నీ మాట నిజం' అని పెద్దకాపు ఒకసారి అనాల. నా మొగుడు నా నోటితో సావలేదని ఊరికి తెలియాల."

బయపరెడ్డి సరే అన్నాడు.

విరిగిన ఉలినే ఆమె మళ్లీ కొలిమిలో పెట్టింది. మొగుని నెత్తురు అంటిన రేకును కూడా అందులోనే వేసి అతికింది. కూతుళ్లు తిత్తి ఊదారు. గంగులప్ప సమ్మెట వేశాడు. ఆమె పట్టకారు పట్టుకొని, ఎండుగడ్డి రంగు రాగానే తనకు తానే "ఊ" అనుకొని తొట్టి నీళ్లలో ముంచింది. ఏ చప్పుడూ కాలేదు. గంగులప్ప చెవి దగ్గర పెట్టుకొని వేలితో మీటి చూశాడు. "గంట మాదిరి పలుకుతాండాది తల్లీ" అని కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు ఊరంతా బండ దగ్గర చేరింది. గురవమ్మ ఉలి మొనకు పైట కొంగు చుట్టి పట్టుకుంది. "అను సామీ" అంది. బయపరెడ్డి తలపాగా తీశాడు. రెండు చేతులూ జోడించాడు. జోడించి, బండ వైపు తిరిగి, "నీ మాట నిజం తల్లీ" అని గట్టిగా అన్నాడు. ఊరంతా బండ వైపు తిరిగి చెంపలు వేసుకుంది.

ఆ మాట తనకు కాదని గురవమ్మకు అర్థమైంది. ఇంటికి పోదామని ఒక అడుగు వెనక్కి వేసింది కూడా. ఆమె చిన్నకూతురు నాలుకతో పెదవులు తడుపుకుంటూ నిలబడి ఉంది. ఆ నాలుక ఎండిన తోలులాగా ఉంది. గురవమ్మ ఉలి తీసి గంగులప్ప చేతిలో పెట్టింది.

మూడు రోజులు కొట్టారు. ఉలి అంచు చెక్కుచెదరలేదు. మూడో రోజు మధ్యాహ్నం మూడు మూరలూ నిండగానే బండ లోపల నిట్టూర్పులాంటి చప్పుడై, ఉలి అక్కడే బిగుసుకుపోయింది. నాలుగు రేకుల సందుల్లో నుంచి నాలుగు పాయలుగా నీళ్లు వచ్చాయి. లాగడం ఎవరివల్లా కాలేదు. అమ్మవారు అక్కడే వెలిసిందన్నారు. పసుపు పూశారు, కుంకుమ పెట్టారు, వెచ్చనీళ్లమ్మ అని పేరు పెట్టారు. మొదటి అభిషేకానికి ముత్తయిదువలు కావాలని చెప్పి గురవమ్మను దూరంగా ఉండమన్నారు.

ఆమె కూతుళ్లు కడుపునిండా తాగారు. ఆమె తాగలేదు. ఆ తర్వాత బతికిన పంతొమ్మిదేళ్లూ రెండు కోసులు నడిచి చెలమ నీళ్లే తెచ్చుకుంది. ఎవరైనా అడిగితే, "ఆ నీళ్లు అమ్మవారివి, నావి కావు" అనేది.

ఇప్పుడు ప్రతి ఏటా ఎండలు ముదిరే ముందు, ఫాల్గుణ పౌర్ణమికి ఇక్కడ తిరునాళ్ల జరుగుతుంది. దూరదూరాల నుంచి బోరు లారీల వాళ్లు బండ తొలిచే కొత్త బిట్లు తెచ్చి అమ్మ పాదాల దగ్గర పెట్టి, వెచ్చనీళ్లు చల్లించుకొని పోతారు. అరిగిపోయిన బిట్లను గుడి వెనక చింతకొమ్మలకు గొలుసులతో వేలాడదీస్తారు. అలా చేస్తే బిట్టు విరగదని, మనిషికి దెబ్బ తగలదని నమ్మకం. అన్ని గుడుల్లో చల్లగా చూడు తల్లీ అని మొక్కుకుంటారు. ఇక్కడ ఆ మాట అనరు. ఇంట్లో తమ మాట చెల్లని ఆడవాళ్లు కూడా చాలామంది వస్తారు. వాళ్లు ఏమీ మొక్కుకోరు. నీళ్లు కాచి, పోసి, కాసేపు కూర్చొని పోతారు.

అభిషేకానికి ముందు పెద్దకాపు వంశంవాళ్లు రాగి బిందెతో చన్నీళ్లు తెచ్చి కమ్మరి ఇంటి ఆడమనిషి ముందు దించుతారు. "నీళ్లు ఎట్లుండాల?" అని మూడుసార్లు అడుగుతారు. "గోరువెచ్చగా ఉండాల" అని ఆమె మూడుసార్లు చెబుతుంది. చన్నీళ్లు నేల మీద పారబోస్తారు. తర్వాత ఆమె తన ఇంటి నుంచి కాచి తెచ్చిన నీళ్లు అమ్మ మీద పోస్తుంది. గురవమ్మ పోయినప్పటి నుంచి ఆ ఇంటి ఆడవాళ్లు ఇక్కడి తీర్థం పుచ్చుకోరు.

ఆమె పోయడం అయ్యాక పెద్దకాపు వంశంవాళ్లు తలపాగా తీసి, చేతులు జోడించి, "నీ మాట నిజం తల్లీ" అంటారు. అనేటప్పుడు వాళ్ల ముఖం బండ వైపే ఉంటుంది. ఆమె అక్కడే, రెండడుగుల పక్కన, ఖాళీ చెంబు పట్టుకొని నిలబడి ఉంటుంది.