దబ్బపండు ఛాయ పెళ్ళికొడుకు

కందులమెరకలో వివేకం వారి ఇల్లెక్కడని అడిగితే పసిపిల్లలు కూడా నవ్వుతూ చూపిస్తారు. ఆ నవ్వు తమ తెలివికి దక్కిన గౌరవమని ఆ ఇంటివాళ్ళ నమ్మకం.

"లోకులు చెప్పిన మాట సగం వింటారు, మిగతా సగం సొంతంగా కల్పించుకుంటారు. మనం చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదే!" అని ఇంటిపెద్ద పరంధామయ్య రోజూ అన్నం ముందు కూర్చుని చెప్పేవాడు. భార్య తాయారమ్మ, కొడుకు కోటిలింగం తలలూపేవాళ్ళు. ఊపమని ఆయన ఒకప్పుడు చెప్పాడు, ఆపమని చెప్పలేదు. అంతే, చేయి కడుక్కునేదాకా ఊపుతూనే ఉండేవాళ్ళు.

ఒకసారి స్టేషన్లో టికెట్ల గుమాస్తా "రైలొచ్చేదాకా ఇక్కణ్ణించి కదలకండి" అన్నాడు. రైలు రెండో ప్లాట్‌ఫారం మీదికి వచ్చి వెళ్ళిపోయింది. వీళ్ళు మొదటి ప్లాట్‌ఫారం మీద రెండు రోజులు కూర్చుని, "రైలుకి బుద్ధి లేకపోతే మనమేం చేస్తాం?" అనుకుంటూ ఇంటికొచ్చారు. సరే, రైలు మాట అలా ఉంచి పెళ్ళి సంగతికి వద్దాం.

కోటిలింగానికి ముప్ఫై నాలుగేళ్ళు. నేరేడుపండులా నిగనిగలాడే మనిషి. మన దేశంలో నల్లని మనుషులకి కొదవ లేదు గాని, నలుపని కాగితం మీద రాసేవాడికి మాత్రం కరువు. పెళ్ళిళ్ళ పేరయ్య వివరాల కాగితంలో "అబ్బాయి దబ్బపండు ఛాయ" అని అచ్చు వేయించాడు. ఇంకేముంది! అచ్చులో ఉన్నది అబద్ధం ఎలా అవుతుంది? కోటిలింగం అద్దంలో చూసుకుంటే నల్లగా కనబడ్డాడు.

"అద్దం పాడైందిరా" అంది తాయారమ్మ.

మూడు అద్దాలు మార్చారు. మూడూ పాడైనవే వచ్చాయి. చివరికి అద్దం ఉండే మేకుకి ఆ కాగితాన్నే తగిలించారు. కోటిలింగం రోజూ దాన్ని చూస్తూ తల దువ్వుకునేవాడు. ఆనాటి నుంచీ అతని పాపిడి తిన్నగా రాలేదు.

తొమ్మిది సంబంధాలు తప్పిపోయాక పదోది హైమవతి. పెళ్ళిచూపులనాడు ఆ పిల్ల గారెల పళ్ళెం ముందు పెట్టి "మొహమాటపడకండి" అంది. కోటిలింగం మొహమాటపడలేదు. పద్దెనిమిది గారెలు తిన్నాడు. ఆ పిల్ల పడీపడీ నవ్వింది. తొమ్మిది ఇళ్ళలో అతణ్ణి చూసి నవ్వినవాళ్ళున్నారు గాని, ఇంత ముచ్చటగా ఎవరూ నవ్వలేదు. ఈ పిల్ల కాకపోతే ఇంక పెళ్ళే వద్దనుకున్నాడు.

పిల్ల నాయనమ్మ రత్తమ్మ మాత్రం ఒక మాట ఖాయంగా చెప్పింది. "ఇది మా ఇంటి ఆనవాయితీ. పెళ్ళికొడుకు ముంజేతి మీద పిల్ల పేరు పచ్చబొట్టు పొడిపించుకు రావాలి. కళ్ళజోడు లేకుండా నేను చదవాలి. చదవలేకపోయానా, పిల్లనివ్వను."

అంతే, ముగ్గురూ పేటలో సైదమ్మ దుకాణానికి వెళ్ళారు. ముప్ఫై ఏళ్ళుగా పచ్చబొట్లు పొడుస్తున్న మనిషి. గోడ నిండా రంగు సీసాలు. సైదమ్మ కోటిలింగం చెయ్యి వెలుగులో తిప్పి చూసింది.

"దీనికి నల్లసిరాయే మేలు. అక్షరాలు పెద్దవిగా, ఎడంగా, గీత లావుగా వెయ్యాలి. ముదురు ఎరుపో నీలమో అయినా కొంత నయం. పసుపు, గులాబీ, తెలుపు మాత్రం కనబడవు. సిరా తోలు పైన ఉండదు కదా బాబూ, కింద ఉంటుంది. పై తోలు రంగులోంచి దాన్ని చూడాలి."

పరంధామయ్యకి కోపమొచ్చింది. "రంగు సంగతి కాగితంలో ఉంటే చెయ్యి చూస్తావేమిటమ్మా? చదువుకో. దబ్బపండు!"

సైదమ్మ కాగితం చూసింది, చెయ్యి చూసింది. "అయితే దబ్బపండే పట్టుకురండి, దానిమీదే వేస్తా" అంది విసుగ్గా.

ఇంకేముంది! తాయారమ్మ సంతకెళ్ళి మచ్చలేని దబ్బపండు తెచ్చి బల్లమీద పెట్టింది. సైదమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అన్నమాటకి కట్టుబడి పండు తొక్కమీద రంగుకొక చుక్క పొడిచింది.

"నలుపు మరీ మోటుగా ఉంది" అంది తాయారమ్మ. "గులాబీ చూడు, ఎంత ముద్దొస్తోందో!"

"పచ్చబొట్టు రంగు పొడిచినరోజు తెలీదమ్మా. పుండు మానాకే తెలుస్తుంది" అంది సైదమ్మ.

ఆ మాటా విన్నారు. పండుని ఇంటికి తీసుకెళ్ళి, ఎండ తగలకుండా గుడ్డకట్టి, పూటపూటా కొబ్బరినూనె రాశారు. మూడు వారాలకి పండు మానిందని తేల్చుకున్నారు. గులాబీ చుక్క అలాగే ఉంది. అంతే, కోటిలింగం చేతిమీద గులాబీరంగులో 'హైమవతి' అని పొడిపించారు. సైదమ్మ వద్దని మూడుసార్లు చెప్పి, నాలుగోసారి సూది తీసింది.

"నువ్వు మాత్రం గోక్కోకు నాయనా" అని హెచ్చరించింది.

కోటిలింగం ఒక్కసారి కూడా గోక్కోలేదు. దురద పుట్టినప్పుడల్లా తల్లి గోకింది.

పుండు మానింది. పేరు మాయమైంది. పరంధామయ్య బజారుకెళ్ళి తెల్లబరిచే క్రీము తెచ్చాడు. 'ఏడు రోజుల్లో తెలుపు' అని డబ్బామీద అచ్చు. చెయ్యంతా అంగుళం మందాన పూశారు, తుడవలేదు. మొదటిరోజే తెల్లబడింది. డబ్బా కంటే మనవాడి ఒళ్ళే తెలివైనదని తల్లిదండ్రులు మురిసిపోయారు.

ఆ చెయ్యి చూపించడానికి వెళ్ళారు. రత్తమ్మ క్రీము తుడిచింది, కళ్ళు చికిలించింది, గుమ్మంలోకి లాక్కెళ్ళి ఎండలో చూసింది.

"ఏదబ్బాయ్ నా మనవరాలి పేరు?"

"లోపలుందండీ" అన్నాడు కోటిలింగం.

"లోపలున్నది లోపలే ఉండనీ. పిల్లనివ్వను, వెళ్ళండి."

కోటిలింగం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తలుపు చాటునుంచి హైమవతి బయటికొచ్చింది. "నాయనమ్మా, ఇంకో నెల గడువియ్యి. ఏమండీ, ఆ చోటే నల్లసిరాతో లావుగా పొడిపించుకురండి. నేను చూసి ఒప్పుకున్నది మిమ్మల్ని, కాగితాన్ని కాదు."

చెప్పింది చెప్పినట్టు చేసే వంశం కదా! నల్లసిరాతో, వేలెడేసి అక్షరాలు వేయించారు. నెల తిరిగేసరికి పేరు వీధి చివరికి కనబడేలా తేలింది. పెళ్ళి పందిట్లో రత్తమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "హై... మ... వ... తి!" అని బిగ్గరగా చదివింది. మేళం మొదలైంది. కోటిలింగం పీటలమీద కూర్చున్నాడు. బతుకులో అంత సంతోషం అతనెరగడు.

అప్పుడే పరంధామయ్య లేచి నిలబడ్డాడు. మొహంలో కంగారు.

"ఆపండి! నల్లసిరా నల్లని ఒంటికే నప్పుతుందని సైదమ్మ చెప్పింది. ఈ చేతికి నప్పింది. అంటే ఇది నల్లని చెయ్యి. మావాడు దబ్బపండు ఛాయ, అచ్చులో ఉంది. మరి ఈయనెవరు?"

"అయ్యో, నా కొడుకేడీ?" అని తాయారమ్మ బావురుమంది.

కోటిలింగం చెయ్యి చూసుకున్నాడు. తండ్రి మాటలో తప్పేమీ కనబడలేదు. "నిజమే నాన్నా! కాస్సేపటి క్రితం దాకా ఇక్కడే ఉన్నాను. ఎక్కడికి పోయుంటాను?"

హైమవతికి నవ్వాగలేదు. అయినా ముహూర్తం దాటిపోతోంది. "ఆయన దొరికేదాకా ఈయన్నే తాళి కట్టమనండి" అంది.

ఆ మాట అందరికీ న్యాయంగా తోచింది. కోటిలింగం ఎవరి తరఫునో కడుతున్నట్టు వినయంగా మూడు ముళ్ళూ వేశాడు. వేసి, తప్పిపోయినవాణ్ణి పోల్చుకోడానికని తల్లి తెచ్చిచ్చిన కొత్త దబ్బపండు చేతిలోకి తీసుకుని, లేచి హైమవతికి దణ్ణం పెట్టాడు.

"మీరేం బెంగపెట్టుకోకండి. మీ ఆయన ఎక్కడున్నా వెతికి తెచ్చి అప్పగించే పూచీ నాది" అని పందిరి దాటి బయల్దేరాడు.